క్లార్కియా పెంచి, బ్రౌన్ చూసింది మీరూ చూడడం ఎలా?

సెప్టెంబర్ నెలాఖరుకల్లా క్లార్కియా విత్తనాలు మీ చేతిలో ఉండాలి. మిగతా పనులు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు కానీ, ఈ ఒక్కటి దాటిపోతే మళ్లీ మార్చి దాకా ఆగాలి. అందుకే ముందే చెప్పేస్తున్నాను. ఇక బ్రౌన్ అంటే బ్రౌనియన్ చలనానికి తన పేరిచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్. నీటిలో సన్నటి కణాలు ఆగకుండా వణకడాన్ని ఆయన 1827లో మొదట చూసింది ఈ పువ్వు పుప్పొడితోనే.

క్లార్కియా పుల్కెల్లా అనేది అమెరికా వాయవ్యంలోని మెట్ట నేలల పువ్వు. తూర్పు వాషింగ్టన్, తూర్పు ఆరెగాన్, ఐడహో, పశ్చిమ మోంటానా, కెనడాలో బ్రిటిష్ కొలంబియా దక్షిణ భాగం దీని సొంత ఊళ్లు. ఏడాదిలో మొలిచి, పూసి, గింజ రాల్చి చచ్చిపోయే మొక్క. జానెడు మొదలు మూరెడు దాకా పెరుగుతుంది. సేజ్‌బ్రష్ పొదల మధ్య, ఇంకాస్త పైకి వెళితే పాండరోసా పైన్ చెట్ల కింద పలచటి గడ్డిలో కనిపిస్తుంది. స్పోకేన్, బోయిసీ వైపు ఉన్నవాళ్లు దీన్ని పెరట్లోనే పెంచుకోవచ్చు. సియాటిల్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లకు కుండీ మేలు. ఎందుకో తర్వాత చెబుతాను.

మొక్కను పెంచేముందు దాని ఊరి వాతావరణం తెలుసుకోవాలి. సియాటిల్‌లో ఏడాదికి సుమారు 95 సెంటీమీటర్ల వాన పడుతుంది. కారెక్కి కాస్కేడ్ పర్వతాలు దాటి ఎలెన్స్‌బర్గ్ చేరితే అది 23 సెంటీమీటర్లకు పడిపోతుంది. రెండు గంటల ప్రయాణం, అంతే. కరువు జిల్లా అని మనం చెప్పుకునే అనంతపురంలోనే సగటున 55 సెంటీమీటర్లు పడుతుంది, మరి లెక్క వేసుకోండి. పైగా మనకు వేసవి ముగిశాక వానలొస్తాయి. అక్కడ తడంతా చలికాలంలోనే, చాలావరకు మంచు రూపంలో. జూన్ దాటితే చుక్క పడదు. అంటే ఈ మొక్కకు దొరికేది మంచు కరిగిన తడి ఒక్కటే. ఆ పదును ఆరేలోపు తన పని ముగించుకోవాలి. ఇది గుర్తుంటే కింద చెప్పే ప్రతి పనికీ కారణం మీకే తెలుస్తుంది.

సేజ్‌బ్రష్ అన్నాను కదా, అది మనకు పూర్తిగా పరాయిదేం కాదు. వినాయక చవితి పత్రిలో మొట్టమొదట చెప్పే మాచిపత్రి, ఈ సేజ్‌బ్రష్ ఒకే ప్రజాతివి. రెండూ ఆర్టిమీసియాలే. ఎప్పుడైనా ఆ దారిన వెళితే బూడిద రంగు ఆకు ఒకటి వేళ్ల మధ్య నలిపి వాసన చూడండి. నాకైతే పూజ గదే గుర్తొచ్చింది. ఆకు కొసన మూడు పళ్లుంటాయి. మనం వెతుకుతున్న పువ్వు రేకుకూ మూడు కొమ్ములే. ఆ రెంటికీ చుట్టరికం లేదు కానీ, గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది.

ముందు పువ్వును గుర్తుపట్టండి

విత్తనాల ప్యాకెట్ మీద బొమ్మను నమ్మి నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను. "క్లార్కియా" అని రాసి ఉంటే తెచ్చి చల్లాను. మే నెలలో నడుము ఎత్తు పెరిగాయి. పూశాక చూస్తే కాలిఫోర్నియా జాతి, క్లార్కియా అంగ్విక్యులేటా. అదీ అందమైనదే, కాదనను. కానీ నేను అడిగింది అది కాదు.

అసలుది ఇలా ఉంటుంది. నాలుగు రేకులు, ఊదా కలిసిన గులాబీ రంగు. ఒక్కో రేకు మూడుగా చీలి, జింక కొమ్ములా ఉంటుంది. మధ్య చీలిక వెడల్పు, పక్కవి రెండూ సన్నం. రేకు అడుగున కాడలా సన్నబడుతుంది, ఆ కాడకు ఎదురెదురుగా రెండు చిన్న పళ్లు. మొగ్గలు తల వంచుకుని ఉంటాయి. విచ్చుకునేటప్పుడు బయటి రక్షక పత్రాలు నాలుగూ విడిపోకుండా అతుక్కునే ఒక పక్కకు తిరిగిపోతాయి. ఆకులు సన్నగా, పొడుగ్గా ఉంటాయి.

కేసరాలు లెక్కపెట్టండి. ఎనిమిది కనిపిస్తాయి కానీ పుప్పొడి ఉండేది నాలుగింటిలోనే. మిగతా నాలుగూ ఎండిన పుల్లల్లాంటివి, పేరుకే. దగ్గరి చుట్టాల్లో క్లార్కియా రాంబాయిడియా అనేదొకటి ఇదే ప్రాంతంలో పెరుగుతుంది. దాని రేకులు చీలవు, పేకముక్క మీది డైమండ్ ఆకారంలో ఉంటాయి. కాబట్టి అక్కడ పొరపాటు పడే అవకాశం తక్కువ.

ఈ వివరాలన్నీ ఇంత ఓపిగ్గా మొదట రాసుకున్నవాడు మెరివెదర్ లూయిస్, పడమటి నేలలు చూసి రమ్మని అమెరికా ప్రభుత్వం పంపిన బృందానికి నాయకుడు. పసిఫిక్ తీరం దాకా వెళ్లి తిరిగి వస్తూ, బిటర్‌రూట్ కొండల మీద మంచు కరగలేదని ఇప్పటి ఐడహోలో క్లియర్‌వాటర్ నది ఒడ్డున, నెజ్ పర్స్ అనే మూలవాసుల నేల మీద వారాల తరబడి ఆగిపోయారు ఆ బృందం వాళ్లు. 1806 జూన్ 1న ఆయన డైరీలో వింత మొక్క ఒకటి కనిపించిందని రాసి, దాని వివరాలు పొడవునా ఎక్కించాడు. ఎండబెట్టిన నమూనా తెచ్చాడు. 1814లో వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ పర్ష్ దానికి లూయిస్ తోటివాడు విలియం క్లార్క్ పేరు పెట్టాడు. పుల్కెల్లా అంటే లాటిన్‌లో చిన్నారి అందగత్తె అని.

విత్తనాలు

ప్యాకెట్ మీద రెండు ముక్కల శాస్త్రీయ నామం ఉందో లేదో చూడండి. "పింక్ ఫెయిరీస్", "రాగెడ్ రాబిన్" లాంటి వాడుక పేర్లతో కొనకండి. రాగెడ్ రాబిన్ అని యూరప్‌లో పూర్తిగా వేరే మొక్క కూడా ఉంది. స్థానిక జాతుల విత్తనాలు అమ్మే నర్సరీలు వాషింగ్టన్, ఐడహో, మోంటానాల్లో ఉన్నాయి. విత్తనం ఏ జిల్లాలో సేకరించారో అడగండి, మీ ఊరికి దగ్గరిదైతే మంచిది. "వైల్డ్ ఫ్లవర్ మిక్స్" అని కలగాపులగంగా అమ్మేవాటి జోలికి మాత్రం పోవద్దు.

అడవిలో కనిపించింది కదా అని కోసుకు రావడం కుదరదు. స్టేట్ పార్కుల్లో, నేషనల్ పార్కుల్లో మొక్కల మీద చెయ్యి వేయకూడదు. మిగతా ప్రభుత్వ భూముల్లో ఆ ఆఫీసు వాళ్లను అడిగే తీరాలి.

ఇంకొకటి. ఇండియా వెళ్లేటప్పుడు అమ్మానాన్నల ఇంట్లో చల్లుదామని సూట్‌కేసులో వేసుకోకండి. విత్తనాలు తీసుకెళ్లాలంటే దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. పొరపాటున తెచ్చిన పార్థీనియంతో, అదే మన వయ్యారిభామతో, మన పొలాలు ఎంత అవస్థ పడ్డాయో చూశాం.

చోటు

రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగలాలి. నేల ఇసుకో, గరపో, రాళ్లో అయితే బంగారం. నీళ్లు నిలిచే బంకమట్టి వద్దు. వాలుగా ఉన్న చోటైతే ఇంకా మంచిది. స్ప్రింక్లర్ నీళ్లు పడే లాన్ అంచున వేయకండి.

ఇప్పుడు మన అలవాటు సంగతి. మొక్క అనగానే మనవాళ్ల చెయ్యి ఊరుకోదు. నేనూ అంతే. మొదటి ప్రయత్నంలో కంపోస్ట్ రెండు బస్తాలు కలిపాను. గోంగూరకు పోసినట్టు రోజూ నీళ్లు పోశాను. మొక్కలు ఏపుగా, పచ్చగా పెరిగి, మే నెలలో గాలికి ఒక దాని మీద ఒకటి పడిపోయాయి. పువ్వులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పేద నేలకు అలవాటైన మొక్కకు బలం ఎక్కువైతే ఒళ్లు పెరుగుతుంది, పూత కాదు. పైగా ఆ ఎరువు దీనికన్నా ముందు కలుపుకే అందుతుంది. కాబట్టి ఎరువు వద్దు. పేడ వద్దు. "కొంచెమే" అని కూడా వద్దు.

సియాటిల్ వైపు ఉన్నవాళ్లకు కుండీ అన్నది ఇందుకే. అక్కడి నేల చలికాలమంతా నానిపోయి ఉంటుంది. ఒక అడుగు లోతున్న కుండీలో సగం ముతక ఇసుక, సగం మామూలు మట్టి నింపి, వాన నేరుగా పడని దక్షిణపు గోడ పక్కన పెట్టండి. అడుగున కన్నాలు పూడిపోకుండా చూసుకోండి.

చల్లడం

అక్టోబర్‌లో, మొదటి మంచి వాన పడే ముందు చల్లాలి. అప్పటికే మొలిచిన కలుపు అంతా పీకేయండి. ముఖ్యంగా చీట్‌గ్రాస్. యూరేషియా నుంచి వచ్చిపడ్డ గడ్డి అది. శరదృతువులోనే మొలిచి, చలికాలమంతా వేరు పెంచుకుని, వసంతంలో తడి మొత్తం ముందే తాగేస్తుంది. జూన్‌కల్లా ఎండి అగ్గిపుల్లలా తయారవుతుంది. సేజ్‌బ్రష్ మైదానాలు ఇప్పుడు ఇంత తరచుగా తగలబడడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. చిన్నప్పుడు దాని ఆకుల మీద మెత్తటి నూగు ఉంటుంది, వేలికి తగులుతుంది. అలా పట్టుకుని వేరుతో సహా లాగేయాలి.

నేలను లోతుగా తవ్వకండి. తవ్వితే అడుగున నిద్రపోతున్న కలుపు గింజలన్నీ పైకొస్తాయి. పైపైన రేక్‌తో గీకితే సరి.

విత్తనం నువ్వు గింజ కంటే చిన్నది. మన రైతులు నువ్వులు చల్లేటప్పుడు ఇసుక కలుపుతారు చూడండి, ఇక్కడా అదే పద్ధతి. ఒక చెంచా గింజలకు ఒక గ్లాసు పొడి ఇసుక కలిపి, సగం ఒక దిక్కుగా నడుస్తూ, మిగతా సగం అడ్డంగా నడుస్తూ చల్లండి. ఇసుక తెల్లగా కనిపిస్తుంది కాబట్టి ఎక్కడ పడిందో ఎక్కడ పడలేదో తెలుస్తుంది. మీద మట్టి కప్పకండి. చెక్కపలక పెట్టి అదమండి, లేదా మెల్లగా తొక్కండి. గింజ మట్టికి అతుక్కుంటే చాలు.

ట్రేలో నారు పోసి నాటడం మానుకోండి. దీనికి తల్లివేరు సన్నగా, సూటిగా దిగుతుంది. పీకి నాటితే ఆ వేరు తెగిపోతుంది. ముప్పై మొక్కలు నాటితే నాకు మిగిలినవి నాలుగు.

అక్టోబర్ తప్పిపోతే మార్చిలో, మంచు పోయి మట్టి చేతికి అంటుకోనంత ఆరిన వెంటనే చల్లండి. చల్లదనంలోనే మొలుస్తుంది, ఏప్రిల్ ఎండలు ముదిరితే మొలకెత్తడం మందగిస్తుంది. మార్చి మొక్కలు పొట్టిగా ఉంటాయి, తక్కువ పూస్తాయి. అయినా పూస్తాయి.

చలికాలం, వసంతం

చలికాలంలో చేసేదేం లేదు. కొన్ని అప్పటికే మొలిచి నేలకు అంటుకుని ఉంటాయి, కొన్ని వసంతంలో మొలుస్తాయి. మంచు పడితే టెన్షన్ పడకండి, అది వాటికి దుప్పటి.

మార్చి, ఏప్రిల్‌లలో రెండు పనులు. ఒకటి, మళ్లీ చీట్‌గ్రాస్ పీకడం. రెండోది మనసుకు కష్టమైనది: ఒత్తుగా మొలిచిన చోట బెత్తెడు దూరానికి ఒకటి ఉంచి మిగతావి తీసేయాలి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది కాబట్టి చిన్న కత్తెరతో మొదలంటా కత్తిరించండి.

నీళ్లు? ఏప్రిల్‌లో రెండు వారాల పాటు వాన లేకపోతే ఒకసారి, నేల లోతుగా తడిసేలా పోయండి. మే వచ్చాక కుండీలోవాటికి వేలు పెట్టి చూసి, రెండు కణుపుల లోతు ఆరితేనే పోయండి. నేలలోవాటిని వదిలేయండి. మధ్యాహ్నం కాస్త వాడినట్టు కనిపిస్తాయి. సాయంత్రానికి లేస్తాయి. పైపు దగ్గరికి వెళ్లకండి.

ఈ నెలల్లోనే ఒకసారి అసలు సేజ్‌బ్రష్ మైదానం చూసి రండి. నిండు ప్యాంటు వేసుకోండి, వసంతంలో ఆ పొదల్లో పిడుదులు (టిక్స్) ఎక్కువ, ఇంటికి రాగానే ఒళ్లంతా చూసుకోవాలి. ఎండ పొడ పట్టిన రాళ్ల దగ్గర ర్యాటిల్‌స్నేక్ ఉండొచ్చు. కాలిబాట దిగకండి. పొదల మధ్య నేల నల్లగా, పెచ్చులు కట్టినట్టు కనిపిస్తే అది ఉత్త మట్టి కాదు. నాచు, లైకెన్లు, నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా కలిసి అల్లిన పొర. మట్టి గాలికి లేచిపోకుండా పట్టి ఉంచేది అదే. ఒక్క అడుగుకు పగిలితే మళ్లీ కట్టుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

జూన్‌లో పూశాక

పువ్వు విచ్చిన మొదటి రోజుల్లో అది మగ పువ్వు కింద లెక్క. కేసరాలు పుప్పొడి వదులుతుంటాయి, మధ్యలోని కీలాగ్రం ముడుచుకునే ఉంటుంది. పుప్పొడి అయిపోయాక అది తెల్లటి నాలుగు రెక్కలుగా విప్పుకుంటుంది. సొంత పుప్పొడి కంటే తేనెటీగ ఇంకో మొక్క నుంచి తెచ్చిన పుప్పొడి అందడానికి ఈ ఏర్పాటు. ఒకే మొక్క మీద పై పువ్వు, కింది పువ్వు పోల్చి చూడండి, రెండు దశలూ కనిపిస్తాయి. పిల్లలుంటే చూపించండి.

ఇక ఈ పువ్వును పెంచాలని నేను పట్టుబట్టడానికి కారణమైన పని. మైక్రోస్కోప్ కావాలి. స్కూలు పిల్లలకు వాడే రకం, 400 రెట్లు పెద్దగా చూపించేది అయితే సరిపోతుంది.

మనలో చాలామంది బ్రౌనియన్ చలనం చదువుకున్నాం. "రాబర్ట్ బ్రౌన్ నీటిలో పుప్పొడి రేణువులు అటూ ఇటూ కదలడం గమనించాడు" అని గడగడా రాసి మార్కులు తెచ్చుకున్నాం. (బ్రౌన్ దొర అంటే మనకు గుర్తొచ్చే సి.పి. బ్రౌన్ కాదు. అయితే ఆయన తెలుగు ఛందస్సు మీద పుస్తకం అచ్చు వేయించింది కూడా ఆ 1827లోనే.) రాబర్ట్ బ్రౌన్ ఆ ఏడాది జూన్‌లో మొదట చూసింది ఈ క్లార్కియా పుల్కెల్లా పుప్పొడినే. మొక్కలు సేకరించే డేవిడ్ డగ్లస్ కొలంబియా నది వైపు నుంచి విత్తనాలు పంపడంతో ఇది అప్పుడప్పుడే ఇంగ్లండ్ తోటల్లోకి వచ్చింది. కానీ ఆయన చూసినది పుప్పొడి రేణువు కదలడం కాదు. దీని రేణువు దాదాపు 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మన వెంట్రుక కంటే లావు. నీటి అణువుల తాకిడికి అంత పెద్దది కదిలినట్టు కంటికి ఆనదు. కదిలినవి దాని కడుపులోంచి బయటికొచ్చిన పిండి, నూనె కణాలు. అవి అయిదారు మైక్రాన్లు, కొన్ని ఇంకా చిన్నవి. మనం రాసింది తప్పు, మార్కులిచ్చిందీ తప్పే.

మీరే చూడండి. ఇవాళో రేపో విచ్చబోతున్న మొగ్గ ఒకటి కోయండి. సూదితో చీల్చి, ఇంకా పగలని పుప్పొడి తిత్తి బయటికి తీయండి. స్లైడ్ మీద ఒక చుక్క మామూలు నీళ్లు వేసి, అందులో తిత్తిని చిదమండి. రేణువులు మూడు మూలల ఆకారంలో ఉంటాయి, సన్నటి దారాలతో ఒకదానికొకటి చిక్కుకుని ఉంటాయి. అది ఈ కుటుంబం లక్షణం, మీ తప్పు కాదు. కవర్‌స్లిప్ మూసి, అంచుల చుట్టూ వాజిలీన్ రాయండి. ఇది మరిచిపోతే నీరు ఆవిరవుతూ ప్రవాహం పుడుతుంది, అప్పుడు మీరు చూసేది బ్రౌనియన్ చలనం కాదు, వరద.

ముందు 100 రెట్లలో ఒక రేణువును మధ్యకు తెచ్చుకుని, తర్వాత 400కు మారండి. స్లైడ్ కింద, లైటుకు పైన ఉండే కన్నాన్ని బాగా చిన్నది చేయండి, లేకపోతే వెలుతురుకు కణాలు కనిపించవు. కొన్ని నిమిషాల్లో కొన్ని రేణువులు నీళ్లు పీల్చుకుని ఒక మూలన పగిలి, లోపలి సరుకు పొగలా బయటికి వస్తుంది. ఆ పొగలోని చుక్కలను చూడండి. అన్నీ కలిసి ఒకే వైపు పోతుంటే అది ప్రవాహం, కాసేపు ఆగండి. ఒక్కొక్కటి తన చోటనే వణుకుతూ, దేని దారి దానిదిగా జరుగుతుంటే అదీ. పెద్ద చుక్కలు బద్ధకంగా, చిన్నవి గిజగిజలాడుతూ.

రేణువులు పగలకపోతే ఇంకో మొగ్గతో చేయండి. నాకు మూడోసారికి కుదిరింది. ఈలోపు కంటికి అలవాటు కావాలంటే పాల చుక్కను ఇరవై చుక్కల నీళ్లలో కలిపి చూడండి, వెన్న కణాలు అదే నాట్యం చేస్తాయి.

ఇది జీవశక్తేమో అని మొదట బ్రౌన్ కూడా అనుకున్నాడు. తర్వాత మసి, గాజుపొడి, చివరికి ఈజిప్టు స్ఫింక్స్ విగ్రహం ముక్క కూడా నూరి చూశాడు. అన్నీ కదిలాయి. నీటి అణువుల తాకిడే దీనికి కారణమని లెక్క కట్టి చూపింది 1905లో ఐన్‌స్టీన్.

గింజలు

జులైలో కాయలు కట్టి ఎండుతాయి. సన్నగా, పొడుగ్గా, ఎనిమిది గీతలతో ఉంటాయి. కొస విచ్చుకోవడం మొదలైన కాయలను కాగితం కవరులోకి కోయండి. ప్లాస్టిక్ వద్దు, బూజు పడుతుంది. కాయలన్నీ ఒక్కసారి ముదరవు కాబట్టి రెండు వారాల పాటు మూడు నాలుగు సార్లు తిరగాలి. సగం కంటే ఎక్కువ కోయకండి, మిగతావి అక్కడే రాలనివ్వండి.

బాగా పూసిన ఒక్క మొక్క నుంచే తీసుకోవాలనిపిస్తుంది. అలా చేయకండి. 1997లో న్యూమన్, పిల్సన్ అనే పరిశోధకులు సరిగ్గా ఈ మొక్కతోనే ఒక ప్రయోగం ప్రచురించారు. సమాన సంఖ్యలో మొక్కలతో గుంపులు మొదలుపెట్టి, కొన్నిటిలో దగ్గరి చుట్టాలను, కొన్నిటిలో సంబంధం లేనివాటిని పెట్టారు. కొన్ని తరాలకే చుట్టాల గుంపులు ఎక్కువగా అంతరించిపోయాయి. మేనరికాల గొడవ మొక్కలకూ ఉందన్నమాట. పొట్టివి, వంకరవి, ఆలస్యంగా పూసినవి, అన్నిటి నుంచీ తలా రెండు కాయలు తీసుకోండి.

వారం రోజులు నీడలో ఆరబెట్టి, టీ వడకట్టే జల్లెడతో పొట్టు వేరు చేసి, కవరు మీద పేరు, ఊరు, ఏడాది రాసి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టండి. ఆ అరలో ఆవాల పొట్లం కూడా ఉంటే కాస్త దూరంగా. మా ఇంట్లో ఒకసారి పోపులోకి పోబోయాయి.